శుక్రాచార్యుడని నేను రాసిన మనిషి

ఈమధ్య మా పురావస్తు శాఖలో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు కల్లూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. టీ తాగుతూ, "మేడం, మీ సర్వీసు మొత్తంలో మీరు కనిపెట్టిన గొప్ప శిల్పం ఏది?" అని అడిగారు. కనిపెట్టింది ఏమీ లేదమ్మా, ఒకదాన్ని మాత్రం నా చేతులారా కూలగొట్టించబోయాను అన్నాను. నేనేదో వినయానికి అంటున్నాననుకుని నవ్వారు. వినయానికీ నాకూ ఆమడ దూరమని నాతో పనిచేసిన ఎవరిని అడిగినా చెబుతారు. వాళ్లు షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయాక నాకు మనసాగలేదు. ఆ రోజు సగంలో వదిలేసిన సంగతి ఇప్పుడు మొత్తంగా రాస్తున్నాను.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. కర్నూలు, కడప జిల్లాల్లో ఊరూరా తిరిగి పాత గుళ్లలోని శిల్పాలను రిజిస్టరులో ఎక్కించడం మా పని. ఎత్తు, వెడల్పు, రాయి రకం, ఫొటో. చివర్లో ‘గుర్తింపు’ అని ఒక గడి ఉంటుంది. ఆ బొమ్మ ఎవరిదో అందులో రాయాలి. చేతిలో ఏముంది, కాలి కింద ఏముంది, పక్కన ఏ జంతువు ఉంది అన్నది చూసి పేరు తేల్చాలి. ఖాళీ గడి అంటే మా పై అధికారులకు పడదు, నాకు అంతకన్నా పడదు. "తెలియదు" అనే మాట అన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా రాయలేదు. పుస్తకాలు నాకు బాగా వచ్చు. వచ్చన్న సంగతి నాకు ఇంకా బాగా తెలుసు.

నాతో పాటు తిరిగే ఫొటోగ్రాఫరు కర్నూలు పాతబస్తీ మనిషి. మా శాఖలో జీపు డ్రైవరుగా చేరి కెమెరా నేర్చుకున్నాడు. చదివింది ఏడో తరగతి. నేను రిజిస్టరులో తల దూర్చి ఉంటే అతను బొమ్మ ముందు నిలబడి ఊరికే చూస్తూ ఉండేవాడు. "తొందరగా కానీయవయ్యా, ఎండెక్కుతోంది" అని రోజుకు పదిసార్లన్నా కసిరేదాన్ని. "ఉండండి మేడం, జర వెలుగు రానీయండి" అనేవాడు. మేమిద్దరం దాదాపు ఇరవై ఏళ్లు అలా కొట్లాడుకుంటూనే పనిచేశాం.

కుందూ నది ఒడ్డున ఒక ఊళ్లో పాత కేశవస్వామి గుడి ఉంది. గుడికి ముందు నల్లరాతి స్తంభాల మంటపం. మా శాఖ రక్షణలో ఉన్న గుడి కాదు, ఊరి కమిటీదే పెత్తనం. మేము చేయగలిగింది రాసుకోవడం, అడిగితే సలహా చెప్పడం. మొదటిసారి వెళ్లినప్పుడు మంటపంలోకి అడుగుపెట్టగానే ఉత్తరం వరసలో మొదటి స్తంభానికి మోకాలి ఎత్తున గోతాం కట్టి కనిపించింది. ముందు రోజే అక్కడ పెళ్లి జరిగిందట. గోతాం ఎందుకని అడిగాను.

గుడి కమిటీ ప్రెసిడెంటు తెల్లబట్టల పెద్దమనిషి, ఆ ఊరి పెద్ద రైతు. ఆయన కొంచెం ఇబ్బందిగా చెప్పాడు. "ఈడ ఒంటికన్నోడు ఉండాడు మేడం. పెండ్లికూతురు కంట్లో పడకూడదని మా పెద్దోళ్ల కాలం నుంచి కట్టేది. పెండ్లి అయిపోయినాక ఇప్పుతాము."

గోతాం ఇప్పించాను. జానెడున్నర బొమ్మ. గొంతుకూర్చున్న మగమనిషి. కుడికన్ను తెరిచి, ఎడమకన్ను గట్టిగా మూసుకుని ఉన్నాడు. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. కాలి బొటనవేలి దగ్గర మొదలై ఒక సన్నటి గీత నిలువుగా పైకి వచ్చి, సరిగ్గా కంటి ముందు ఆగింది. దాని పైకొన అతని చేతిలో ఉంది. పాదం పక్కన ఒక చిన్న ముంత. అంతే. ఇంతమంది దేవుళ్లు, నాట్యకత్తెలు, ఏనుగులు, హంసలు నిండిన మంటపంలో ఈ మనిషి ఒక్కడే నేలకు అంత దగ్గరగా, ఒక మూల ఉన్నాడు.

ఫొటోగ్రాఫరు నేలమీద బోర్లా పడుకుని కెమెరా పెట్టాడు. కాసేపు చూసి, "ఈయన దేవుడు కాదు మేడం. దేవుళ్లు మనల్ని చూస్తారు. ఈయన ఏదో పనిలో ఉన్నాడు, మన దిక్కు చూడ్డం లేదు" అన్నాడు. నువ్వు ఫొటో తియ్యి, బొమ్మ సంగతి నాకొదిలెయ్యి అన్నాను.

నాకప్పటికే తెలిసిపోయింది. తల పైకెత్తితే అదే స్తంభం మీద వామనుడు ఉన్నాడు, గొడుగూ కమండలమూ పట్టుకుని. ఇంకేం కావాలి? బలిచక్రవర్తి దానం ధారపోయకుండా ఆపాలని శుక్రాచార్యుడు కమండలం కొమ్ములో దూరి నీళ్లకు అడ్డం పడ్డాడు కదా. వామనుడు దర్భతో పొడిస్తే కన్ను పోయింది కదా. ఒంటికన్ను అదే. కంటి ముందు ఆగిన గీత దర్భ. ముంత కమండలం. నీళ్లలో ఊపిరి బిగబట్టాడు గనుక బుగ్గలు ఉబ్బాయి. ఒక్క గుర్తు కూడా మిగలకుండా అన్నీ సరిపోయాయి. అలా అన్నీ సరిపోయినప్పుడే జాగ్రత్తపడాలని ఇప్పుడు నేను మీకు చెబుతాను, అప్పుడు నాకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఒకాయన చెప్పాడు గానీ ఏడో తరగతివాడి మాట నా చెవికెక్కలేదు.

గుర్తింపు గడిలో ‘శుక్రాచార్యుడు, అరుదైన రూపం’ అని గుండ్రటి అక్షరాలతో రాశాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ప్రెసిడెంటు ఎవరు మేడం అని అడిగితే, మంటపం మెట్ల మీద కూర్చుని కథంతా చెప్పాను. పదిహేనుమంది పోగయ్యారు. "దానం చేసేవాడి చెయ్యి పట్టుకుని ఆపినవాడండీ ఈయన" అని ముగించాను. అందరూ తలలూపారు. కర్నూలు వచ్చి దాని మీద ఒక వ్యాసం రాశాను. మా శాఖ పుస్తకంలో వేశారు. పై అధికారి మీటింగులో నన్ను నిలబెట్టి మెచ్చుకున్నాడు. ఆ పుస్తకం ఒక ప్రతి గుడి కమిటీకి కూడా పంపించాను.

రెండేళ్లు గడిచాయి. నా రిటైర్మెంటు ఇంకో రెండు నెలల్లో ఉందనగా ఆ కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. గుడి బాగుచేయిస్తున్నారట. మంటపంలో మొదటి స్తంభం శిథిలమైంది కాబట్టి తీసేసి కొత్తది నిలబెడుతున్నారట. తీసే ముందు ఫొటోలు కావాలంటే వచ్చి తీసుకోవచ్చట. స్తంభం కొంచెం బీటలు వారి ఉండటం నాకు గుర్తుంది, అంత శిథిలమైన గుర్తు లేదు. ప్రెసిడెంటుకు ఫోను చేశాను.

"అది రాతకోసం రాసింది మేడం. అసలు సంగతి మీకు తెలియందేముంది. మీ పుస్తకంలో మీరే రాస్తిరి గదా, దానాన్ని అడ్డుకునేటోడని. వాని కన్ను తిన్నగా హుండీ మీదనే ఉండాది. ఊళ్లో ఎవురికీ దాంట్లో వేసేదానికి చెయ్యి రావడం లేదు. కమిటీలో అందరూ ఒక మాట అనుకుని తీసేస్తాండాము. మీరు చెప్పకపోయింటే మాకు తెలిసేదే కాదు."

ఫోను పెట్టేశాను. అప్పటికీ నా పొరపాటు నాకు తెలియదు. శుక్రాచార్యుడి అరుదైన బొమ్మను నా వ్యాసమే చంపుతోందని మాత్రమే బాధపడ్డాను. బొమ్మ ఉన్న భాగం కోసి మ్యూజియానికి తెప్పిద్దామని అడిగాను. బీటలున్న రాయి, కోస్తే ముక్కలవుతుంది, పైగా పెట్టడానికి చోటు లేదన్నారు. క్రేను ఫలానా రోజు పొద్దున వస్తుందని ప్రెసిడెంటు మళ్లీ ఫోను చేసి చెప్పాడు. మేము దానికి ముందు రోజు బయల్దేరి వెళ్లాం.

మంటపంలో మొదటి స్తంభానికి రెండు పక్కలా పైకప్పుకు ఇనుప ఆసరాలు పెట్టేశారు. కొత్త స్తంభం చెక్కడానికి ఆళ్లగడ్డ వైపు నుంచి ఒక శిల్పాచారి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఎవరితో మాట్లాడకుండా పాత స్తంభం కొలతలు తీసుకుంటున్నాడు. మా పని మమ్మల్ని చేసుకోనీయండి అని ఆయన్ను పక్కకు జరగమన్నాను. "ఒక్క నిమిషం తల్లీ, ఈ అంచొకటి చూసుకుంటా" అన్నాడు.

అని, నేలమీద గొంతుకూర్చున్నాడు. ఒక దారం తీసి, ఒక కొన కాలి బొటనవేలి కింద తొక్కిపట్టాడు. రెండో కొన చేత్తో మొహం ముందుకు ఎత్తి బిగించాడు. ఎడమకన్ను గట్టిగా మూశాడు. బిగించిన దారానికి స్తంభం అంచు సరిపెట్టుకుని, వంకర ఉందా లేదా అని చూశాడు. అంచు మీద దుమ్ముంటే బుగ్గలు ఉబ్బించి ఊదబోయాడు. ఆయన పక్కన నీళ్ల ముంత ఉంది.

నా చేతిలోని రిజిస్టరు కింద పడింది. ఆ చప్పుడుకు ఆయన తల తిప్పబోతే, "కదలొద్దు, మీకు పుణ్యముంటుంది, అట్లానే ఉండండి" అన్నాను. ఆచారి మొహానికి జానెడు దూరంలో, అదే ఎత్తులో, ఆ రాతిమనిషి. ఇద్దరూ ఒకే మాదిరి గొంతుకూర్చుని, ఒకే కన్ను మూసి, ఒకే మాదిరి దారం బిగించి ఉన్నారు. ఇద్దరి మధ్యా ఎన్ని వందల ఏళ్లున్నాయో నేను లెక్క చెప్పలేను. ఆ క్షణంలో మాత్రం ఒక్క ఏడు కూడా ఉన్నట్టు అనిపించలేదు. ఫొటోగ్రాఫరు నేను చెప్పకముందే కెమెరా నొక్కుతున్నాడు.

ఆచారికి ఏం జరిగిందో అర్థం కాలేదు. ఆయన కొలతలు పైనుంచి తీసుకుంటూ వచ్చాడు, కింద బొమ్మకు నా పుస్తకం వచ్చినప్పటి నుంచీ తీయకుండా గోతాం కట్టి ఉంటే అంతవరకు దాని జోలికే పోలేదు. మా ఫొటోల కోసం అప్పుడే ఇప్పారు. నేను వేలు చూపించాను. ఆయన దారం వదిలేసి బొమ్మవైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పైపంచె తీసి నడుముకు చుట్టుకుని, బొమ్మకు ఎదురుగా కూర్చుని రెండు చేతులూ జోడించాడు.

"ఎవురు చెప్పినారమ్మా ఈయప్పను ఒంటికన్నోడని? ఈ గుడి కట్టిన ఆయప్పే గదా" అన్నాడు.

ఊరు అన్నదాన్ని అచ్చు వేయించింది నేనే, ఆ మాట దాటేశాను. ముంత సంగతి అడిగాను.

"ఉలి కాల్చి ముంచేదానికి నీళ్లుండొద్దా తల్లీ. యాడ చెక్కినా ఉలి పక్కన ముంత ఉండాల్సిందే."

తర్వాత ఆయన వేలితో తడుముతూ ఒక్కొక్కటీ చూపించాడు. నేను అన్నేళ్లు శిల్పాలు చూశాను గానీ, అలా చదివినవాళ్లను చూడలేదు. బొమ్మ ఎడమ బొటనవేలు చప్పిడిగా, పక్కకు ఒరిగి ఉంది. నేను దాన్ని అరుగుదల అని రాశాను. ఆచారి తన ఎడమ బొటనవేలు పక్కన పెట్టాడు. అది కూడా అంతే చప్పిడిగా ఉంది. "ఉలి పట్టే చెయ్యి. సుత్తి జారితే దీనిమీదనే పడేది. ఏండ్ల తరబడి పడినాక ఇట్లయితాది. ఆయప్ప దాన్ని కూడా దాచుకోలే" అన్నాడు. ఆ తర్వాత చిన్న సుత్తితో స్తంభం పైభాగాన తట్టాడు. గంటలాగా మోగింది. బొమ్మ దగ్గర తట్టాడు, పొడిగా టప్ మంది.

"విన్నావా తల్లీ. ఈడ లోపల నెర్రె ఉండాది. పలకని చోట దేవున్ని చెక్కకూడదు, మా పద్ధతి అది. ఖాళీగా వదిలేస్తారు. ఆ వదిలేసిన చోటు తనకు పెట్టుకున్యాడు. మంచి రాయి అంతా వాళ్లకిచ్చి, పనికిరాని చోట తను కూకున్యాడు."

వాళ్లంటే పైన ఉన్న దేవుళ్లు. నేను తలెత్తి మంటపమంతా ఒకసారి చూశాను. ఏనుగుల తొండాలు, నాట్యకత్తెల వేళ్లు, వామనుడి గొడుగు కమ్ములు, ఇవన్నీ చేసిన మనిషి తన మొహానికి ఎంచుకున్న చోటు మోకాలి ఎత్తున, బీట మీద. పేరు చెక్కుకోలేదు. బిరుదులు లేవు. మీసం మెలేసి నిలబడలేదు. నన్ను చూడండి అనలేదు, నేను చూస్తున్నాను అన్నాడు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, వచ్చాయని చెప్పుకోవడానికి సిగ్గుపడటం లేదు.

"ఏం చూస్తున్నాడు?" అని అడిగాను.

"కూకో, తెలుస్తాది. వీపు స్తంభానికి ఆనించు. తల ఆయప్ప తలకు సమానంగా పెట్టు. ఎడమకన్ను మూయి."

చీర కుచ్చెళ్లు సర్దుకుని కడప బండల మీద కూలబడ్డాను. నా చెంప ఆ రాతిచెంప పక్కకు వచ్చింది. ఎడమకన్ను మూశాను. ఉత్తరం వరసలోని స్తంభాల అంచులన్నీ ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒక్క గీత అయిపోయాయి. ఆ గీత తిన్నగా పోయి గర్భగుడి ద్వారబంధం అంచు మీద ఆగింది. తల వెంట్రుకవాసి పక్కకు జరిపితే అన్నీ విడిపోయి మళ్లీ విడివిడి స్తంభాలయ్యాయి. మళ్లీ సర్దుకుంటే మళ్లీ ఒక్కటే గీత. మంటపం మొత్తం ఆ ఒక్క కంటి కోసం నిలబెట్టినట్టు అనిపించింది. అతను పని ముగించి వెళ్లలేదు. తన పని ఇంకా చెదరకుండా ఉందా అని ఇన్ని వందల ఏళ్లుగా చూసుకుంటూనే ఉన్నాడు. మనం ఆ మొహం మీద గోతాం కట్టాం. నేనైతే రేపు పొద్దునకు క్రేను పిలిపించాను.

ఫొటోగ్రాఫరు చెయ్యందిస్తే లేచాను. "నువ్వు మొదటిరోజే చెప్పావు" అన్నాను. "మీరు చదువుకున్నోళ్లు మేడం, మాకేం తెలుసు" అన్నాడు కెమెరా తుడుచుకుంటూ. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

ఆచారి దారం చుట్టి సంచిలో పెట్టాడు. ఉలులు ఒక్కొక్కటే గుడ్డలో చుడుతున్నాడు. ఏం చేస్తున్నారంటే, "ఈ పని నేను చేయను తల్లీ. ఈయప్పను పీకి ఆ చోట నా రాయి నిలబెట్టేదా? నా చేతులు రావు" అన్నాడు. ఆయన అడ్వాన్సు తీసుకుని వచ్చిన మనిషి, నెల రోజుల పని అది. నేను రాసిన తప్పుకు ఆయన పని పోతోంది. ఎవరో వెళ్లి చెప్పినట్టున్నారు, అంతలోనే ప్రెసిడెంటూ, కమిటీవాళ్లూ, పూజారీ వచ్చారు.

"ఏం ఆచారీ, మూట కడ్తాండావు?"

"నేను పోతాండా రెడ్డెప్పా. వేరే ఎవురినన్నా పిలుచుకోండి."

"రేపు పొద్దున క్రేను వస్తా ఉంటే ఇప్పుడు పోతా అంటే ఎట్లప్పా? ఏమన్నా తక్కువ చేసినామా నీకు?"

ఆచారి నావైపు చూశాడు. ఇక మాట్లాడాల్సింది నేనే. పాతిక జతల కళ్లు నామీద ఉన్నాయి. వాళ్లలో సగంమంది రెండేళ్ల కింద అవే మెట్ల మీద నా కథ విని తలలూపినవాళ్లు. "నేను తప్పు రాశాను" అన్నాను. ఆ మూడు మాటలు అనడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. "ఈయన శుక్రాచార్యుడు కాడు. దానాన్ని ఆపినవాడు కాడు. ఒంటికన్నువాడు కూడా కాడు. ఈ మంటపం చెక్కిన శిల్పి. తన బొమ్మ తనే చెక్కుకున్నాడు. తీయొద్దు."

ప్రెసిడెంటు మొహం ఎర్రబడింది. మంచి మనిషే గానీ, పదిమందిలో పరువు పోతే ఒప్పుకునే రకం కాదు, అచ్చం నాలాగే.

"మేడం, మీరు పుస్తకం అచ్చేసి పంపిస్తిరి. అది చూసి మేము ఊరంతా చెప్పుకుంటిమి. ఇప్పుడు వచ్చి అది తప్పంటాండారు. అప్పుడు చెప్పింది తప్పా, ఇప్పుడు చెప్పేది తప్పా? మిమ్మల్ని ఎట్ల నమ్మేది మేము?"

"నన్ను నమ్మొద్దు. మీరే ఒకసారి ఆయన పక్కన కూర్చుని చూడండి" అన్నాను.

ఆ తెల్లపంచె మనిషి సున్నం దుమ్ములో కూర్చుంటాడనుకోలేదు. ఆచారి లేచి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. తల సరిచేశాడు. ఏ కన్ను మూయాలో చెప్పాడు. ప్రెసిడెంటు కన్ను మూశాడు. అటూ ఇటూ కదిలాడు. ఒక్కసారి కదలడం మానేశాడు. ఆయనకు గీత దొరికిందని నాకర్థమైంది. కమిటీవాళ్లు ఏం కనపడతాంది, ఏం కనపడతాంది అని అడుగుతున్నారు. ఆయన కన్ను తెరవలేదు.

చివరికి ఆయన లేవకుండానే, ఎవరితోనూ కానట్టు మాట్లాడాడు. "మా నాయన సాలు తోలేముందు ఇట్లనే చూస్తాండె. గట్టు మీద కూకోని, ఒక కన్ను మూసుకోని. మొదటి సాలు వంకర పోతే చేను మొత్తం వంకర పోతాది అంటాండె." కొంచెం ఆగి, రాతిమనిషి వైపు తిరిగి, వేలితో ఆ మూసిన కన్ను తాకాడు. "నేను చిన్నప్పటి నుంచి ఈయప్పకు భయపడి ఆ పక్క నుంచి పోతాంటి" అన్నాడు.

లేచి బట్టలు కూడా దులుపుకోలేదు. క్రేనువాడికి ఫోను చేసి రావద్దన్నాడు. కమిటీలో ఒకాయన హుండీ సంగతి ఎత్తబోతే, "హుండీకి కాళ్లున్యాయా ఏంది, పక్కకు జరుపు" అన్నాడు. ఆచారి మూట విప్పించి, బయట ప్రాకారంలో పడిపోయిన రెండు స్తంభాల పని ఆయనకు అప్పగించాడు. మొదటి స్తంభానికి బీట దగ్గర ఇనుప కట్టు వేయించాలని అక్కడికక్కడే తీర్మానమైంది. ఆచారి మాత్రం నావైపు చూసి ఒక మాట అన్నాడు. "తప్పు చెక్కితే రాయి పోతాది తల్లీ, మళ్లీ రాదు. నీది రాతపనే గదా, కొట్టేసి రాసుకో." అది ఓదార్పో, వాతో ఇప్పటికీ నాకు తేలలేదు.

కొట్టేసి రాయడం అంత తేలిక కాలేదు. గుర్తింపు గడిలో ‘శుక్రాచార్యుడు’ కొట్టేసి, ‘ఈ మంటపం శిల్పి, స్వీయశిల్పం. పేరు తెలియదు’ అని ఎర్రసిరాతో రాశాను. నేను రాసిన మొదటి ‘తెలియదు’ అది. పై అధికారి పిలిచి, శాసనం లేకుండా శిల్పి అని ఎలా రాస్తారు, రుజువేది, రిటైరయ్యే ముందు ఈ తలనొప్పి ఎందుకు అన్నాడు. ఫొటోగ్రాఫరు తీసిన ఫొటో బల్ల మీద పెట్టాను. ఆచారీ, రాతిమనిషీ పక్కపక్కన గొంతుకూర్చుని ఉన్న ఫొటో. ఆయన కళ్లజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. తర్వాత సంతకం పెట్టాడు. కొత్తగా చేరినవాళ్లు కావాలంటే రిజిస్టరు తీసి చూడండి, ఆ పేజీలో నా కొట్టివేత కూడా ఉంటుంది. దాన్ని దిద్దకండి.

ఇక్కడితో ఆపితే నేనేదో ఊరిని మార్చేసినట్టు ఉంటుంది. రిటైరయ్యాక ఒక నెలకు ఆచారి పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని బస్సెక్కి వెళ్లాను. ప్రాకారంలో ఆయన నాకు ఎదురొచ్చి, "నువ్వే వచ్చినావా, రా, వచ్చి చూడు ఈ ఊరోళ్ల భక్తి" అంటూ మంటపంలోకి తీసుకుపోయాడు. మొహం మాడ్చుకుని ఉన్నాడు.

మొదటి స్తంభం చుట్టూ పసుపు రాసిన గిరి. రాతిమనిషి మెడలో బంతిపూల దండ. ముందు అరటిపళ్లు, అగరుబత్తి, కొబ్బరిచిప్పలు. ఎవరో కొత్త పెళ్లికొడుకు, పెళ్లికూతురు చేతులు జోడించి నిలబడి ఉన్నారు. మొన్నటిదాకా చూడకూడనివాడు, రెండు నెలలు తిరిగేసరికి దేవుడైపోయాడు. తెరిచిన కంట్లో గుప్పెడు కుంకుమ కొట్టి ఉంది. ఆ కన్ను పూర్తిగా పూడిపోయింది. రెండు కళ్లూ లేనివాడిలా కూర్చున్నాడు పాపం.

పెళ్లివాళ్లు దణ్ణం పెట్టి వెళ్లేదాకా ఆచారి ఆగాడు. తర్వాత తన ముంతలో నీళ్లు తెచ్చి గొంతుకూర్చున్నాడు. దండ తీసి, పైన ఉన్న వామనుడి పాదాల దగ్గర పెట్టాడు. పైపంచె కొన తడిపి కుంకుమ మెల్లగా తుడవసాగాడు. ఎర్రనీళ్లు బొమ్మ బుగ్గ మీదుగా కారి ఆయన మోచేతి దాకా వచ్చాయి. అడుగున గట్టిపడిన కుంకుమను గోటితో గీకి తీశాడు. నేనూ పక్కన కూర్చుని నీళ్లు పోశాను.

"పనిలో ఉండే మనిషి కంట్లో కుంకుమ కొడతారా ఎవురన్నా" అని గొణుక్కున్నాడు. రాతికన్ను తేటపడింది. ఆయన తన తల ఆ తల పక్కన పెట్టి, ఎడమకన్ను మూసి, స్తంభాల వరస వెంట గర్భగుడి దాకా ఒకసారి చూశాడు.

"ఇంక కనపడతాదిలే ఆయప్పకు" అని, ఉలి తీసుకుని తన పనికి లేచిపోయాడు.